నెత్తురద్దం

నెలనెలా శుద్ధ ద్వాదశి తెల్లవారిందంటే రాష్ట్రంలో నలభై ఐదేళ్లు దాటిన మగవాళ్లంతా అద్దం ముందు నిలబడాల్సిందే. గడ్డం గీసుకోవడానికి కాదు, ఆ అద్దం వేరు. అరచేయంత ఉంటుంది, నీళ్లగది గోడకి బిగించి ఉంటుంది. కింది అంచున చిన్న గుంట ఉంటుంది. అందులో చూపుడువేలు పెడితే చీమ కుట్టినంతైనా తెలియకుండా ఒక బొట్టు తీసుకుంటుంది. దాని అసలు పేరు చాలా పొడుగ్గా ఉండేది. జనం నోట్లో నలిగి నలిగి రెండువేల డెబ్బైతొమ్మిది నాటికి అది నెత్తురద్దం అయింది.

ఆ బొట్టులోకి అద్దం సన్నటి కాంతిని పంపుతుంది. నెత్తురులో తేలే కొవ్వు ఆమ్లాలను, అంటే ఫ్యాటీ యాసిడ్లను, ఒక్కొక్కదాన్నే ఆ కాంతితో చదువుతుంది. చేపల్లో దొరికే ఒమేగా త్రీ ఎంత, పొద్దుతిరుగుడు నూనెలోని ఒమేగా సిక్స్ ఎంత, బజ్జీల మూకుడులో మళ్లీ మళ్లీ కాగిన నూనె తాలూకు చెడ్డ కొవ్వు ఎంత అని పాళ్లు కడుతుంది. ఆ పాళ్లను బట్టి సదరు మగమహారాజుకి పౌరుషగ్రంథి క్యాన్సర్, అదే ప్రొస్టేట్ క్యాన్సర్, వచ్చే ముప్పు ఉందో లేదో రంగు చూపించి చెబుతుంది. ఆకుపచ్చ వస్తే భయం లేదు. పసుపు వస్తే జాగ్రత్త. ఎరుపు వస్తే ఆ నెలంతా వంటింటి యంత్రం ఇక ఆ మనిషికి తాలింపులో నూనె చుక్క కూడా వేయదు. ఎంత బతిమాలినా, బెదిరించినా, దాని మనసు కరగదు.

ఇంతకీ ద్వాదశి రోజే ఎందుకంటే, పరీక్షకి ఖాళీ కడుపు కావాలి. రాత్రి తిన్న గారెలు పొద్దున్నకి నెత్తురులోకి వచ్చి కూర్చుంటాయి. జనాన్ని నెలనెలా పస్తుంచడం ఎలాగా అని పెద్దలందరూ తలలు పట్టుకున్నప్పుడు, "మనవాళ్లు ఎలాగూ ఏకాదశి ఉపవాసం ఉంటారు కదా, మర్నాడు పొద్దున్నే పెట్టేద్దాం" అన్నవాడు డాక్టర్ విహాన్. అద్దాన్ని కనిపెట్టినవాడూ అతనే. ఆ ఆలోచనకి అతన్ని మెచ్చుకోనివాళ్లు లేరు.

విహాన్‌కి అరవై ఒకటి. తను రాసిన పథ్యాన్ని తనే ఎనిమిదేళ్లుగా, రుచీ పచీ లేకపోయినా, మందు మింగినట్టు మింగుతున్నాడు. అందుకు ఫలితంగా అతని అద్దం నెలనెలా ఆకుపచ్చగా వెలుగుతోంది. భార్య ఆద్య వంతెనలు కట్టిన ఇంజనీరు. ఏకాదశి నాడే జీడిపప్పు వేయించుకుని మరీ ఉప్మా తినే మనిషి. నోములన్నా ఉపవాసాలన్నా ఆమెకి నవ్వు. పరీక్ష కోసం పస్తున్నా అతనికీ వాటి మీద నమ్మకం లేదు. ఆ ఒక్క విషయంలో మాత్రం మొగుడూ పెళ్లాలకి ఎప్పుడూ తేడా రాలేదు.

కాకపోతే కొన్ని నెలలుగా విహాన్ రాత్రిళ్లు పదే పదే లేస్తున్నాడు. ఒక మీటింగులో మొదటినుంచి చివరిదాకా కూర్చోలేకపోతున్నాడు. నడుములో ఒక నొప్పి వచ్చి, వెళ్లే ఉద్దేశం లేకుండా మకాం పెట్టింది. డాక్టరుకి చూపించుకోమని ఆద్య రెండు మూడుసార్లు పోరింది. అతను ఆమెని నీళ్లగదిలోకి తీసుకెళ్లి ఆకుపచ్చ దీపం చూపించాడు.

ఆ దీపం మీద అతనికి అంత నమ్మకం ఊరికే రాలేదు. ఇరవై ఏళ్ల కిందట గోదావరి పాయల మధ్య ఉప్పలంక అనే ఊళ్లో అతను ఒక పరిశోధన చేశాడు. ఊళ్లో మగవాళ్ల నెత్తురు మూడేళ్లపాటు చదివించాడు. ఒకవైపు కొవ్వు ఆమ్లాలు, ఇంకోవైపు అదే బొట్టులో పీఎస్ఏ అనే పదార్థం. ఈ పీఎస్ఏ పుట్టేది ప్రొస్టేట్ గ్రంథిలో. గ్రంథికి జబ్బు చేస్తే నెత్తురులో దాని మోతాదు పెరుగుతుంది. ఊళ్లో మూడోవంతు మగవాళ్ల కొవ్వుల తీరు మిగతావాళ్లతో పోలిక లేకుండా ప్రత్యేకంగా కనిపించింది. చిత్రమేమిటంటే వాళ్లలో పీఎస్ఏ దాదాపు సున్నా. మూడేళ్లలో ఒక్కరికి కూడా పెరగలేదు. విహాన్ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఆ తీరుకి శాంతరేఖ అని పేరు పెట్టాడు.

అక్కడినుంచి శాంతరేఖకి పట్టాభిషేకమే జరిగింది. నెత్తురుని ఆ తీరుకి తెచ్చుకుంటే క్యాన్సర్ దరికి రాదని ప్రపంచమంతా ఒప్పుకుంది. దాన్ని తెచ్చుకోవడానికి మగవాళ్లు పడని పాట్లు లేవు. పెళ్లిచూపుల్లో జాతకం అడగడం మానేసి పెళ్లికొడుకు తండ్రి అద్దం రంగు అడిగారు. ఇక అన్నిటికంటే పెద్ద పండగ ఏమిటంటే, డాక్టరు చేతికి తొడుగు వేసుకుని వేలితో గ్రంథిని తడిమి చూసే పాత పరీక్ష ఉంది చూశారూ, అది మూలపడింది. మగజాతి మొత్తం ఆ రోజు ఊపిరి పీల్చుకుంది.

ఆ ద్వాదశి మధ్యాహ్నం విహాన్ గదిలోకి డాక్టర్ మంగతాయారు వచ్చింది. ముప్ఫై దాటని పిల్ల. ముత్తవ్వల పేర్లు మళ్లీ ఫ్యాషనైన కాలంలో పుట్టింది కాబట్టి ఆ పేరు. పరిశోధనాలయాన్ని ఆనుకునే ఉన్న పెద్దాసుపత్రిలో క్యాన్సర్ వార్డు ఆమెది. మర్నాడు నెత్తురద్దాన్ని దేశమంతటికీ ఇచ్చే ఉత్సవం. విహాన్ తన ఉపన్యాసం దిద్దుకుంటున్నాడు. శుభాకాంక్షలు చెప్పడానికి వచ్చిందనుకుని కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు.

"సార్, ఉప్పలంక సాయికిరణ్ గారు మా వార్డులో ఉన్నారు. తుంటి ఎముక విరిగింది."

సాయికిరణ్ అంటే ఎవరో కాదు. శాంతరేఖ కనిపించిన మొట్టమొదటి మగవాడు. ఆయన ఫొటో వైద్యం చదివే ప్రతి పిల్లవాడి పుస్తకంలోనూ ఉంటుంది. విహాన్ నొచ్చుకుని, డెబ్బై ఎనిమిదేళ్లు వచ్చాయి కదా, ఎక్కడో జారిపడి ఉంటారన్నాడు.

"పడలేదు సార్. మంచం మీద పక్కకి తిరిగారు, అంతే. ఎముకంతా గుల్లైపోయింది. ప్రొస్టేట్ నుంచి పాకిన క్యాన్సర్."

విహాన్ నవ్వబోయాడు. నవ్వు రాలేదు. ఆయన అద్దం ఏ రంగు అని అడిగితే ఎనిమిదేళ్లుగా ఆకుపచ్చేనంది. ఎక్కడో ఒకరికి అలా జరగవచ్చునన్నాడు. ఒకరు కాదని, ఈ ఏడాదిలోనే తన వార్డుకి అలాంటివాళ్లు పదకొండుమంది వచ్చారని, అందరివీ ఆకుపచ్చ దీపాలేనని మంగతాయారు చెప్పింది. చావు కబురు ఇంత చల్లగా చెప్పేవాళ్లని విహాన్ ఎప్పుడూ చూడలేదు. లేచి, ముందు నీళ్లగదికి వెళ్లి వచ్చి, తర్వాత ఆమె వెంట నడిచాడు.

వార్డులో సాయికిరణ్ మందుల మత్తులో నిద్రపోతున్నాడు. మంచం పక్కన ఆయన భార్య మౌనికమ్మ బత్తాయి తొనలు ఒలుస్తూ కూర్చుంది. ఒకనాడు కాలేజీ పిల్లల పేరు అది. ఇప్పుడు ఆ పేరుగల వాళ్లందరికీ బోసినోళ్లే. విహాన్‌ని చూడగానే గుర్తుపట్టి, దేవుడే వచ్చినట్టు లేచి దణ్ణం పెట్టింది. అతను కుర్చీ లాక్కుని నెమ్మదిగా అడగడం మొదలుపెట్టాడు. ఏం తినేవారు, ఏ నూనె వాడేవారు, పరీక్షకి ముందు రాత్రి ఏమైనా తిన్నారా అని.

"అయ్యో, ఆయన ఉపాసం ఉండటమేంటి బాబుగారూ? పొద్దున్న లేవగానే పెసరట్టు పడకపోతే మా ఆయనకి కళ్లు తిరుగుతాయండి. ఏకాదశి ఉపాసం నాదేనండి, పెళ్లైన కాడ్నించీ. ఆయన ఆరోగ్యం కోసమేగా ఉండేది."

"మరి వేలు ఎవరు పెట్టేవారమ్మా?"

"నేనే పెట్టేదాన్నండి, ఆయ్. ఉపాసం ఉన్నోళ్లే వేలు పెట్టాలని మీ పెట్టె చెప్పేది కదండీ."

విహాన్‌కి ఆ మాట చెవిలో పడింది కానీ తలలోకి వెళ్లడానికి కొంచెం సమయం పట్టింది. ఇంటి అద్దం సంగతా, ఇరవై ఏళ్ల కిందటి సంగతా అని మళ్లీ అడిగాడు. రెండూనని ఆవిడ చెప్పింది. అప్పుడు పంచాయతీ ఆఫీసు అరుగు మీద మనిషి లేకుండా పెట్టె ఒక్కటే ఉండేదనీ, ఇంటాయన టోకెను అందులో వేసి వేలు పెడితే సరిపోయేదనీ చెప్పింది. మగవాళ్లు తెల్లవారకుండానే కొబ్బరి తోటల్లోకి, చేపల చెరువుల మీదికి వెళ్లిపోయేవారట. ఉపవాసం ఉన్న ఇల్లాళ్లు స్నానం చేసి, తలారబోసుకుని, ఇంటాయన టోకెను పట్టుకుని వరసలో నిలబడేవారట. ఆవిడ ఒక్కతీ కాదు. ఏకాదశి నిష్ఠ ఉన్న ఇళ్లన్నిట్లోనూ అదే పద్ధతట. ఆ నిష్ఠ లేని ఇళ్ల మగవాళ్లే పాపం వచ్చి సొంత వేళ్లు పెట్టుకునేవారట.

ఇదంతా ఆవిడ దాచుకున్న తప్పులా చెప్పలేదు. పుణ్యకార్యంలా చెప్పింది. చెప్పి, రెండు తొనలు అతని చేతిలో పెట్టింది.

విహాన్ ఆ తొనలు పట్టుకునే లేచి నిలబడ్డాడు. ఊళ్లో మూడోవంతు అన్న లెక్క ఎక్కడినుంచి వచ్చిందో అతనికి అప్పుడు తెలిసింది. తెలిసినా నమ్మబుద్ధి కాలేదు. మనిషి అంత తేలిగ్గా తన జీవితాన్ని వదులుకోలేడు కదా. పరిశోధనాలయానికి దాదాపు పరుగెత్తి వచ్చి మూలయంత్రం ముందు కూలబడ్డాడు. రాష్ట్రంలోని అద్దాలన్నీ చదివింది చదివినట్టు దానికే పంపుతాయి. అడిగిన ప్రశ్నకి అది గొంతెత్తి జవాబు చెబుతుంది.

మంగతాయారు కూడా వెనకే వచ్చింది. ఆడవాళ్ల నెత్తురులో కొవ్వు ఆమ్లాలు ఎలా ఉంటాయో చూపించి, దాన్ని శాంతరేఖ పక్కన పెట్టమని విహాన్ అడిగాడు. తెర మీద రెండు గీతలు వచ్చాయి. ఒకదాని మీద ఒకటి పడి ఒకటే గీత అయిపోయాయి.

"ఆడవారి శరీరం కొన్ని ఒమేగా త్రీలను మగవారికంటే ఎక్కువగా తయారుచేసుకుంటుంది," అంది యంత్రం. "శాంతరేఖ అంటే ఆ తీరే."

"ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదు?"

"కొవ్వులు చదవమన్నారు. మనిషి ఎవరో చదవవద్దన్నారు. నెత్తురులో జన్యువులు చూడటం చట్టం ప్రకారం నేరం. టోకెను మీద మగవారి పేరు ఉంది. నేను నమ్మాను."

విహాన్ తన సూత్రంలో ఎంత తప్పుందో చెప్పమన్నాడు. యంత్రానికి జాలీ దయా ఉండవు, అలాగని ఎగతాళీ ఉండదు. అది ఎప్పటి గొంతుతోనే చెప్పింది.

"తప్పు లేదు. శాంతరేఖ పుట్టుకతో ఉన్నవారికి ప్రొస్టేట్ క్యాన్సర్ రాదన్నది నూటికి నూరుపాళ్లు నిజం. వారికి ప్రొస్టేట్ గ్రంథి లేదు."

మంగతాయారు మొహం తిప్పుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో అతనికి తెలియలేదు. ఆమెకి మాత్రం తెలిసి ఉంటుందా? మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టిన పరిశోధనలను విహాన్ జీవితమంతా వెక్కిరించాడు. తను వేసిన ముడి ముందు అవన్నీ దిగదుడుపే. ఇరవై ఏళ్లు. ఎన్ని బంగారు పతకాలు, ఎన్ని ఉపన్యాసాలు, ఎన్ని కోట్ల మంది మగవాళ్లు నోరు కట్టుకుని తిన్న చప్పిడి కూడు. అదంతా ఉప్పలంక ఆడవాళ్ల నెత్తురుకి నకలు తీయడానికి. ఆ నకలు చూసుకుని, ఇక భయం లేదనుకుని, ఒక్కరూ డాక్టరు గడప తొక్కలేదు. జబ్బు మాత్రం తన పని తను చేసుకుపోయింది.

విహాన్ లేచి నీళ్లగదికి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి మంగతాయారు గుమ్మంలోనే నిలబడి ఉంది.

"మధ్యాహ్నం నుంచి ఇది నాలుగోసారి సార్. నడుం పట్టుకుని నడుస్తున్నారు. మీ అద్దం సంగతేంటి?"

"నా వేలే పెట్టాను. నాది నిజమైన శాంతరేఖ," అన్నాడు విహాన్. అనగానే ఆ మాటకి అర్థం అతనికే తట్టింది. నిజమైన శాంతరేఖ అంటే, పథ్యం చేసి చేసి తన నెత్తురుకి ఆడవాళ్ల పోలిక తెచ్చుకున్నాడు. గ్రంథి మాత్రం ఎక్కడుండాలో అక్కడే ఉంది. అది ఎలా ఉందో ఎనిమిదేళ్లుగా ఎవరూ చూడలేదు. ముందు రక్తంలో పీఎస్ఏ చూద్దామని, ఆ వెంటనే పాత పద్ధతిలో చేత్తో పరీక్ష చేస్తానని, రేపు పొద్దున్నే రమ్మని మంగతాయారు చెప్పింది. అతను తలూపాడు.

విహాన్‌లో లోపాలు ఉంటే ఉండవచ్చు కానీ అతను దొంగ కాదు. మర్నాటి ఉత్సవం రద్దు చేయించాడు. ఆ సాయంత్రమే రాష్ట్రమంతటా ప్రతి ఇంటి తెర మీదా కనిపించి, జరిగిందంతా ఒక్క ముక్క దాచకుండా చెప్పాడు. ఆకుపచ్చ దీపాన్ని నమ్మవద్దన్నాడు. మగవాళ్లంతా రేపే దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లి సొంత నెత్తురు ఇవ్వమని, డాక్టరు దగ్గర సిగ్గుపడవద్దని, ప్రాణం మీదికి వచ్చినప్పుడు మొహమాటం ఏమిటని చేతులు జోడించి వేడుకున్నాడు. ప్రతి మగవాడి పేరిటా ఆసుపత్రి టోకెను రాత్రికే ఇంటికి వస్తుందన్నాడు. మొదటి పరీక్ష తనే చేయించుకుంటానని మాటిచ్చాడు. చూసినవాళ్లలో తిట్టినవాళ్లున్నారు, ఏడ్చినవాళ్లున్నారు. ఇంత నిజాయితీ ఉన్న శాస్త్రవేత్తని చూడలేదన్నవాళ్లూ ఉన్నారు.

ఇంటికొచ్చాక ఆద్య అన్నం వడ్డించి, రేపు తోడు రమ్మంటావా అని మాత్రం అడిగింది. చిన్నపిల్లాణ్నా, నేనే వెళ్తానన్నాడు.

వెళ్లాడు కూడా. అందరికంటే ముందే ఆసుపత్రికి చేరాడు. చేరి, కుర్చీలు చాలవేమోనని ఇంకో వంద తెప్పించాడు. ఎండ తగలకుండా పందిరి వేయించాడు. మంచినీళ్ల సంగతి చూశాడు. విలేకరులు వస్తే వాళ్లకి కొవ్వు ఆమ్లాల గురించి మొదటినుంచీ వివరించాడు. ఇదిగో వస్తున్నా, ఈ ఒక్క పనీ చూసుకుని వచ్చేస్తానని మంగతాయారుకి రెండుసార్లు కబురు పంపాడు. లోపల ఆ గదిలో తెల్ల తొడుగుల పెట్టె ఒకటి బల్ల మీద ఉందని అతనికి తెలుసు. అది గుర్తొచ్చినప్పుడల్లా ఇంకో పని కనిపిస్తోంది.

ఈలోగా జనం రానే వచ్చారు. గేటు తీయగానే తోసుకుంటూ వచ్చారు. పందిరంతా నిండిపోయింది. తన మాట ఇంత పనిచేసినందుకు విహాన్ కళ్లు చెమర్చాయి. కళ్లు తుడుచుకుని చూశాడు. మళ్లీ చూశాడు. ఒక వరస మొదటినుంచి చివరిదాకా చూసి, పక్క వరస చూశాడు.

అందరూ ఆడవాళ్లే.

తలస్నానాలు చేసి, తడి జుట్టు ముడేసుకుని, చేతుల్లో ఇంటాయన టోకెను పట్టుకుని, నీరసంగా, ఓపిగ్గా కూర్చున్నారు. ఈ పరీక్షకి ఉపవాసం అక్కర్లేదని నిన్న అతను అంత గట్టిగా చెప్పినా అందరూ ఉపవాసమే. ముందు వరసలో ఉన్న ఒక పెద్దావిడ దగ్గరికి వెళ్లి, నిన్న నేను చెప్పింది వినలేదా అమ్మా అని అడిగాడు.

"ఇన్నామండి, ఆయ్. శానా బాగా చెప్పారు. మా ఆయన కూడా ఇన్నారండి. ఇన్నకాడ్నించీ ముసుగు తన్ని పడుకున్నారు, బయం పట్టుకుంది పాపం. ఏటి చేస్తాం చెప్పండి. నేను అర్ధాంగినే కదండీ, సగం ఆయన్నే. ఆ సగమైనా చూసి చెప్పండి."

పక్కనున్నవాళ్లంతా అవునన్నట్టు తలలూపారు. విహాన్ వెనక్కి వెనక్కి నడిచి, గోడకి ఆనుకుని ఉన్న బల్ల మీద కూర్చుండిపోయాడు. అబద్ధం బయటపెడితే చాలు, జనం నిజం వైపు తిరుగుతారనుకున్నాడు. జనం సంగతి అలా ఉంచి, తను మాత్రం పొద్దున్నుంచీ చేస్తున్నదేమిటి?

"ఇక్కడున్నావా," అంది పక్కనుంచి ఒక గొంతు.

ఆద్య. ఆమె జుట్టు కూడా తడిగానే ఉంది. చేతిలో టోకెను ఉంది. దాని మీద అతని పేరు ఉంది. విహాన్ ఆ టోకెను వంకా ఆమె మొహం వంకా మార్చి మార్చి చూశాడు. ఏకాదశి నాడు జీడిపప్పు ఉప్మా తినే ఆద్య. దేవుడికి దణ్ణం పెట్టమంటే వంతెనకి పెడతానన్న ఆద్య.

"ఏమైనా తిన్నావా?" అని అడిగాడు.

"లేదు. రాత్రినుంచీ."

"నీ నెత్తురు ఇస్తే ఏం లాభం? నీకు తెలీదా?"

"తెలుసు. ఏ లాభమూ లేదని తెలుసు. నువ్వు ఆ గదిలోకి వెళ్లవని కూడా తెలుసు. ఇంట్లో ఊరికే కూర్చోలేకపోయాను విహాన్."

అతను ఇప్పుడే వెళ్తున్నానని చెప్పబోయాడు. అప్పుడే గది తలుపు తెరుచుకుంది. నర్సు తల బయటికి పెట్టి, మొదటి టోకెను, డాక్టర్ విహాన్ గారు అని పిలిచింది. పందిరిలో అందరూ అటు తిరిగారు. విహాన్ మోకాళ్ల మీద చేతులు వేసుకుని లేవబోయాడు. లేవలేకపోయాడు. తెరిచిన తలుపులోంచి బల్లా, దాని మీద పెట్టే, కిటికీలోంచి పడుతున్న ఎండా కనిపిస్తున్నాయి. అతను నేలకేసి చూశాడు.

విహాన్ గారు వచ్చారా అని నర్సు మళ్లీ పిలిచింది.

ఆద్య అతని వంక చూసింది. తర్వాత చీర కొంగు సర్దుకుని, చెయ్యి చాపడానికి వీలుగా రవిక చెయ్యి పైకి మడుచుకుంటూ లోపలికి వెళ్లింది.